ఏడోగా లేచిన మనిషి

మాంట్‌పీలియర్,
11 జనవరి 2007

మామయ్యకు,

శాసనసభలో నా కుర్చీ చివరి వరసలో ఉంది. పక్కన ఒక ఆపిల్ తోటల ఆసామి. పొద్దుటి నుంచి మూడు పళ్ళు తిన్నాడు, నాకొకటి ఇవ్వలేదు. బస చేసిన ఇంట్లో గది బాగానే ఉంది గానీ, ఇంటావిడ సూప్‌లో వేసే ఉప్పుకి మన ఆవులు కూడా ఒప్పుకోవు.

నిన్న కొత్త సభ్యులని ఒక్కొక్కరినీ లేచి తమ గురించి చెప్పమన్నారు. మిగతావాళ్ళు చదువులూ ఉద్యోగాలూ చెప్పుకున్నారు. నేను మన ఊరి సంగతి చెప్పాను. ఈస్ట్ లోవెట్‌లో మొదట నన్ను కంచెల తనిఖీకి ఎన్నుకున్నారనీ, ఎనిమిదేళ్ళలో ఒక్క కంచె తగాదా కూడా రాలేదనీ, ఆ ధైర్యంతోనే ఊరి బోర్డుకి పోటీ చేశాననీ అన్నాను. తర్వాత నాలుగేళ్ళ కిందటి మార్చి నెల ఊరి సభ. ఏ వైపు అరుపు గట్టిగా ఉందో చూసే నోటి ఓటు అయ్యాక, మళ్ళీ హార్లన్ స్టిక్నీయే గెలిచాడని సభ నడిపే ఆయన ప్రకటించడం, నేను బడి వంటగదిలోకి పోయి చిక్కుడుగింజలు వండిన కుండ తోముకుంటూ ఏడవడం, అవతల హాల్లో కాగితం ఓటు కావాలని జనం లేవడం.

ఏ ఊరి సభలోనైనా ఏడుగురు లేచి అడిగితే కాగితం ఓటు పెట్టాల్సిందే కదా. ఆ ఏడో మనిషి విలువ అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. "ఆరుగురు లేచారు. ఏడోవాడి కోసం హాలంతా వెతుకుతోంది. అప్పుడు మా మామయ్య, మోకాలు అరిగిపోయిన లాటిన్ మాస్టారు, ముందు కుర్చీ పట్టుకుని లేచాడు. నేను అయిదు ఓట్లతో గెలిచాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆపిల్ ఆయన కూడా ఒక పండు ఇచ్చాడు.

నువ్వు లేవకపోతే ఇప్పటికీ ఆ కుండ దగ్గరే ఉండేదాన్ని.

మోకాలికి కాపడం మానకు.

నీ విల్లా


ఈస్ట్ లోవెట్,
17 జనవరి 2007

విల్లాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్షరాలు ఇంకా కోడి కెలికినట్టే ఉన్నాయి.

రోము సెనేట్ గురించి ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి చెప్పినవాణ్ణి కనుక నాలుగు మాటలు. మొదటి ఏడాది నోరు విప్పకు. ఎవరు ఎవరితో కలిసి భోజనానికి వెళుతున్నారో చూడు. నిన్ను పొగిడినవాడి పేరు రాసి పెట్టుకో, వాడికి నీతో ఏదో పని ఉంటుంది. నీ పక్కన కూర్చున్న ఆపిల్ మనిషిని మాత్రం నమ్మొచ్చు. అడక్కుండా ఇవ్వనివాడు అడక్కుండా తీసుకోడు కూడా.

ఆ ఊరి సభ కథ ఇక చెప్పకు. కుండ తోమడం దాకా బాగుంది, అక్కడితో ఆపెయ్యి. పరాయి ఊళ్ళవాళ్ళకి నా మోకాలితో పనేమిటి?

హార్లన్ స్టిక్నీ బోర్డు కుర్చీ పోగొట్టుకున్నా రోడ్ల మంచు తీసే బండి మాత్రం వదల్లేదు. మొన్న రోడ్డంతా శుభ్రం చేసి, ఆ మంచంతా తెచ్చి మా ఇంటి దారికి అడ్డంగా పోశాడు. బండి ఆపించాను.

"హార్లన్, దీన్నంతా ఎక్కడ పెట్టుకోమంటావ్?"

"నీ పుస్తకాల మధ్య పెట్టుకో మాస్టారూ. అక్కడ ఎటూ వేడి ఉండదు."

ఇలాంటివాడు పాతికేళ్ళు ఈ ఊరిని ఏలాడు. డెబ్బై ఎనిమిదిలో, నువ్వు నాలుగేళ్ళ పిల్లవి, నేను అతని మీద పోటీ చేశాను. నోటి ఓటులో ఓడిపోయానన్నారు. కాగితం ఓటు కోసం నలుగురు లేచారు. మీ అమ్మ ఆ నలుగురిలో ఒకతె. ఇంకో ముగ్గురు లేస్తారని చాలాసేపు అలాగే నిలబడి ఉంది. ఆ హాల్లో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఎవరెవరు ఏ కుర్చీలో కదలకుండా కూర్చున్నారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ సూప్ తాగకు. రొట్టె మీద వెన్న రాసుకుని తిను.

మామయ్య


మాంట్‌పీలియర్,
20 ఫిబ్రవరి 2013

మామయ్యకు,

రాష్ట్ర సెనేట్‌కి వచ్చినా నా కుర్చీ మళ్ళీ చివరి వరసలోనే. వ్యవసాయ కమిటీ మాత్రం నా చేతికిచ్చారు. పాల ధరల మీద పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా వాదనలే. మధ్యలో హార్లన్ ఫోన్. ఆయన హలో అనడు కదా. "హిల్ రోడ్డు కల్వర్టు కొట్టుకుపోయింది" అన్నాడు, పెట్టేశాడు. వారం తిరక్కుండా ఇంజినీరుని పంపించాను. దానికీ ఫోన్ చేశాడు. "వచ్చాడు" అన్నాడు, పెట్టేశాడు. నా చేతిలో ఓడిపోయిన మనిషికి నా మీద ఇసుమంత కోపం లేకపోవడం ఏమిటో నాకెప్పుడూ అర్థం కాలేదు.

నీ కంటి ఆపరేషన్ మార్చి పన్నెండున. నేనే వచ్చి తీసుకెళతాను, వద్దని రాయకు. ఆ వారమంతా మీ ఇంట్లోనే ఉంటాను. చదవడం నేను చదివి వినిపిస్తాను, తప్పులు నువ్వు దిద్దు.

ఇంకో మాట. బర్లింగ్టన్ రేడియోవాళ్ళు ఊరి సభల మీద కార్యక్రమం చేస్తున్నారు. ఏడో మనిషి కథ చెప్పాను, వాళ్ళకి తెగ నచ్చింది. నీ గొంతు రికార్డు చేసుకోవడానికి మన ఊరు వస్తామంటున్నారు. పదే పది నిమిషాలు. ఆ రోజు లేస్తున్నప్పుడు ఏమనిపించిందో చెబితే చాలు.

విల్లా


ఈస్ట్ లోవెట్,
25 ఫిబ్రవరి 2013

విల్లాకు,

రేడియోవాళ్ళని రావద్దను. గొంతు పట్టేసిందని చెప్పు. వసంతం వచ్చేదాకా పట్టేసే ఉంటుందని చెప్పు.

ఆపరేషన్‌కి నువ్వు వస్తే సంతోషమే. గది సర్ది ఉంచుతాను.

ఆ ఏడో మనిషి గురించి నీకొక సంగతి రాయాలని మొదలుపెట్టి మూడు కాగితాలు పొయ్యిలో వేశాను. నాలుగోది ఇది. ఇందులోనూ అది లేదు.

మామయ్య


బర్లింగ్టన్,
21 సెప్టెంబర్ 2018

మామయ్యకు,

ఈ ఉత్తరం కారులో రాస్తున్నాను, అక్షరాలకి ఈసారి సాకు ఉంది. రాష్ట్రమంతటికీ కాంగ్రెస్‌లో ఉన్నది ఒకే ఒక్క సీటు, దాని కోసం రోజుకి నాలుగు ఊళ్ళు తిరుగుతున్నాను. పార్టీ అభ్యర్థినయ్యాక మనుషులు నాతో మాట్లాడే తీరే మారిపోయింది. నిన్న ఒకాయన నా కాఫీలో పంచదార కూడా తానే కలిపాడు. నువ్వు పక్కనుంటే వాడి పేరు రాసుకోమనేవాడివి. రాసుకున్నాను.

అవతలి అభ్యర్థి నన్ను కథలు చెప్పే మనిషి అంటున్నాడు. అందుకే మావాళ్ళు ఒక కరపత్రం వేశారు, ఇందులో పెట్టి పంపుతున్నాను. పైన "ఆమె మాట నమ్మవచ్చు" అని ఉంది. కింద ఎవరి ఫోటో ఉందో చూడు. పోయినేడు మీ వాకిట్లో నేను తీసిందే. నువ్వు నవ్విన ఫోటో ఈ భూమ్మీద అదొక్కటే ఉందనుకుంటా. ఏడో మనిషి కథ మొత్తం వేశారు. వచ్చే వారం నుంచి రాష్ట్రంలో ప్రతి ఇంటికీ వెళుతుంది. అక్టోబర్ పద్దెనిమిదిన టీవీలో మా ఇద్దరికీ వాదన.

నీ మీద కోపగించుకునే ఓపిక నాకు లేదు కాబట్టి, ఫోటో వేసినందుకు నువ్వూ నా మీద కోపగించుకోకు.

నీ విల్లా


ఈస్ట్ లోవెట్,
25 సెప్టెంబర్ 2018

విల్లాకు,

ఆ కరపత్రాలు ఆపించు. ఈ ఉత్తరం చదవడం పూర్తి కాకముందే ఫోన్ చేసి ఆపించు.

నేను లేవలేదు. ఆ రోజు ఏడోగా లేచింది హార్లన్ స్టిక్నీ.

అతను గెలిచాడని ప్రకటించేశారు. నీ కోసం ఆరుగురు లేచి నిలబడి ఉన్నారు. ఏడోవాడు దొరక్కపోతే సీటు అతనిదే. అప్పుడు అతనే ముందు వరసలోంచి లేచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను మూడో వరసలో కూర్చునే ఉన్నాను.

ఇంటికి వస్తుంటే కారులో నువ్వు ఎవరెవరు లేచారని అడిగావు. ఆరు పేర్లు చెప్పి ఊరుకున్నాను. ఏడోది ఎవరన్నావు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని నొక్కావు. అంతే. నా నోటితో నేను అబద్ధం చెప్పలేదని పదిహేనేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అది వకీళ్ళు చెప్పుకునే మాట.

ఊళ్ళో నూట నలభై మంది చూశారు. అయినా నీ చెవిన పడలేదంటే మన ఊరి సంగతి నీకు తెలియనిది కాదు. ఇక్కడ జరిగింది ఇక్కడ ఎవరూ మళ్ళీ చెప్పుకోరు, అందరూ అక్కడే ఉన్నారు కనుక. నువ్వు ఆ కథ చెప్పిందంతా బయటి ఊళ్ళలో. ఇప్పుడది హార్లన్ ఇంటి పోస్టు డబ్బాలోకి కూడా వస్తుంది. నీ మాట నమ్మవచ్చని పైన రాసి, కింద అబద్ధం, దాని పక్కన నా నవ్వు. ఎవరైనా ఒక్కరు నోరు తెరిస్తే నీ పని అయిపోతుంది. ఆ పని చేసింది నేనవుతాను.

ఎందుకు లేవలేదని అడుగుతావు. మోకాలు అని రాయబోయి ఆగిపోయాను. అది కూడా అబద్ధమే.

మామయ్య


ఈస్ట్ లోవెట్, బోర్డు ఆఫీసు నుంచి,
3 అక్టోబర్ 2018

మామయ్యకు,

మీ ఇంటికి రెండు ఫర్లాంగుల దూరంలో కూర్చుని రాస్తున్నాను. ఇవాళ లోపలికి రాలేను.

నీ ఉత్తరం అందేసరికి నలభై వేల కరపత్రాలు వెళ్ళిపోయాయి. మిగతావి ఆపించాను. ఎవరికీ తెలియదు, ఊరుకోమని మావాళ్ళు అంటున్నారు. పొద్దున హార్లన్ దగ్గరికి వెళ్ళాను. కరపత్రం వంటింటి బల్ల మీద ఉంది.

"ఫోటో బాగుంది" అన్నాడు. "మాస్టారికి పళ్ళున్నాయని నాకు తెలీదు."

"పదిహేనేళ్ళు. ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నా. గెలిచారని చెప్పేశారు కదా, ఇంక లేచి కాగితం ఓటు అడగడం దేనికి?"

"గొంతులు రెండు వైపులా ఒక్కలాగే ఉన్నాయమ్మాయ్. సభ నడిపేవాడు నా బావమరిది. వాడి చెవికి నా పేరే వినపడుతుంది."

"ఓడిపోతారని తెలీదా?"

"తెలీకే లేచా. తెలుసుకుందామని."

కాఫీ పోసిచ్చాడు. బయల్దేరుతుంటే వాకిట్లోకి వచ్చి, "మాస్టార్ని ఎక్కువ సతాయించకు. ఆ రోజు ఆయన మొహం నేను చూశాను. అంత బాధపడే మనిషిని లేవమని అడగడం కష్టం" అన్నాడు.

వాదనలో నేనే ముందుగా నిజం చెప్పేస్తాను. అది తేలిపోయింది. నాకు కావలసింది వేరే. నువ్వెందుకు లేవలేదు? పెద్ద పెద్ద మాటలు వద్దు.

విల్లా


ఈస్ట్ లోవెట్,
19 అక్టోబర్ 2018

విల్లాకు,

మా ఇంట్లో టీవీ లేదు కనుక అగ్నిమాపక కేంద్రానికి వెళ్ళాను. ఊరు సగం అక్కడే ఉంది. ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే, హార్లన్ పక్కన.

నువ్వు చెప్పావు. పదిహేనేళ్ళు తప్పు చెప్పానన్నావు. నిన్ను గెలిపించినవాడు నువ్వు ఓడించినవాడేనన్నావు. అవతలివాడు, "అయితే మీ మామయ్య మిమ్మల్ని మోసం చేశాడా?" అన్నాడు. "ఆయన తాను లేచానని ఎప్పుడూ చెప్పలేదు. అడిగి తెలుసుకోకుండా నమ్మింది నేను" అన్నావు. నన్ను నలుగురిలో తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. వెనక ఎవరో దగ్గారు. ఎవరూ నా వైపు చూడలేదు. మర్యాదకి చూడకపోవడం ఎంత బరువో నిన్ననే తెలిసింది.

పూర్తయ్యాక హార్లన్‌ని అడిగాను, నలభై ఏళ్ళుగా అడగని మాట.

"డెబ్బై ఎనిమిదిలోనూ నువ్వే గెలిచావుగా. అప్పుడు నలుగురే లేచారు. అప్పుడెందుకు లేవలేదు?"

"అప్పుడు గొంతుల్లో తేడా ఉంది మాస్టారూ. నువ్వు నిజంగానే ఓడిపోయావు."

నన్ను అన్యాయంగా ఓడించారన్న కోపంతోనే ఇన్నేళ్ళూ బతికాను. చదివిన ప్రతి పుస్తకంలోనూ నా కేసుకి సాక్ష్యం వెతుక్కున్నాను. కేసే లేదట.

ఇప్పుడు నీ ప్రశ్న. నేను నిలబడిన రోజున నలుగురు లేచారు. నువ్వు నిలబడిన రోజున, అదే హాల్లో, ఆరుగురు లేచారు. అందులో ఇద్దరు నా కోసం లేవనివాళ్ళు. వాళ్ళ వైపు చూస్తూ ఉన్నాను. నేను లేస్తే నువ్వు నన్ను దాటిపోతావని తెలుసు. కాళ్ళు బాగానే ఉన్నాయి. అసూయతో కూర్చుండిపోయాను. నేను పెంచిన పిల్ల మీద అసూయ. మీ అమ్మ బతికి ఉంటే చెవి మెలిపెట్టి లేపేది.

ఆ తర్వాత నువ్వు ఎక్కిన ప్రతి మెట్టుకీ సంతోషించాను. అది నటన కాదు. కానీ నువ్వు ఆ కథ చెప్పినప్పుడల్లా, అందులోని మామయ్య నాకంటే మంచివాడనిపించేది. వాడు నిన్ను నా దగ్గర్నుంచి తీసుకుపోతున్నట్టుండేది.

క్షమించమని రాయను. నేను చేసింది ఒక్కమాటతో పోయేది కాదు. జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

మామయ్య


బర్లింగ్టన్,
9 నవంబర్ 2018

మామయ్యకు,

పేపర్లో చూసే ఉంటావు. పదకొండు వందల ఓట్ల తేడాతో గెలిచాను. వాదనకి ముందు పదివేలతో గెలుస్తానని మావాళ్ళు లెక్కలు వేశారు. నిజం చెప్పినందుకు తొమ్మిది వేలు పోయాయని వాళ్ళ గొడవ. మన ఊళ్ళో మాత్రం ఎప్పుడూ పడనన్ని పడ్డాయట.

నీ ఉత్తరం చాలా రోజులు కోటు జేబులో పెట్టుకు తిరిగాను. కోపం పోయిందా అంటే, కొంచెం ఉంది. కానీ నాకు గుర్తొస్తున్నవి వేరే. అమ్మ పోయాక మా పాలకొట్టంలోకి అయిదింటికే వచ్చి, ఆవుల దగ్గర నిలబడి నాకు లాటిన్ క్రియలు అప్పజెప్పించినవాడివి. ఆవులకి కూడా వచ్చేశాయి. ఆ మనిషి, ఆ హాల్లో లేవని మనిషి, ఇద్దరూ నువ్వే. కథలోవాడు నాకు అక్కర్లేదు.

జనవరి మూడున వాషింగ్టన్‌లో ప్రమాణ స్వీకారం. సభ పైన గ్యాలరీలో ఒక్కో సభ్యుడి తరఫున ఒక్క మనిషినే కూర్చోనిస్తారట. చాలా ఆలోచించాను. ఆ ఒక్క ప్రవేశ చీటీ హార్లన్‌కి పంపాను. అది ఆయనకి చెందాల్సింది.

ఆయనకి ఎనభై ఆరేళ్ళు. ఈ రాష్ట్రం దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. ఒంటరిగా పంపలేను. నువ్వు తీసుకురావాలి. నువ్వు నా ఆఫీసులో కూర్చుని ఉండాలి. ఇది శిక్ష అనుకుంటే అనుకో. నీకు తప్ప ఇంకెవరికీ ఈ పని చెప్పను.

నీ విల్లా


ఈస్ట్ లోవెట్,
20 డిసెంబర్ 2018

విల్లాకు,

నువ్వు కాంగ్రెస్ సభ్యురాలివయ్యాక ఇది నీకు నా మొదటి ఉత్తరం. ఇంకా ప్రమాణం కాలేదంటావు. ముసలివాళ్ళం ముందే రాసుకుంటాం.

హార్లన్ ఇంటికి వెళ్ళాను. నలభై ఏళ్ళలో మొదటిసారి గడప దాటాను. చీటీని ఉప్పు డబ్బా కింద పెట్టి ఉంచాడు.

"రైల్లోనా? పదమూడు గంటలా?" అన్నాడు. "నీతోనా?"

"నాతోనే."

"పుస్తకం చదువుతావా?"

"చదువుతాను."

"పైకి చదవకు."

తినడానికి ఏం తేవాలో మాత్రం తేలలేదు. అతను ఉడికించిన గుడ్లు తెస్తానంటాడు. రైలు పెట్టెలో గుడ్లు తినేవాణ్ణి నేను ఎన్నడూ మనిషిగా లెక్కపెట్టలేదు. చివరికి గుడ్లు అతనివి, జున్నూ రొట్టే నావి, ఎవరిది వాళ్ళం తినాలని ఒప్పందం.

లేచి వస్తుంటే తలుపు దగ్గర ఆపాడు. "మాస్టారూ, నువ్వు లోపలికి రాలేవుగా. అమ్మాయి ప్రమాణం ఎలా చేసిందో బయటికి వచ్చి నీకు చెబుతాలే. అన్నీ చెబుతా. ఏ చెయ్యి ఎత్తిందో కూడా."

నీ ఆఫీసులో టీవీ ఉంటుందని నాకు తెలుసు. అతనికి చెప్పలేదు. అతను చెప్పేదాకా ఆగి, అతని నోటి నుంచే వింటాను. టీవీ పెట్టనివ్వకు.

జనవరి రెండో తేదీన వైట్ రివర్ జంక్షన్‌లో ఎక్కుతాం. వాషింగ్టన్ స్టేషన్‌కి ఎవరినైనా పంపు. మమ్మల్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోకుండా, ఒకే పెట్టెని చెరోవైపు పట్టుకుని దిగుతారు.

మామయ్య